పొడుం కాదు, నస్యం: ముక్కులో వేసిన చుక్క ఎంతదూరం పోతుంది?

పోయిన చలికాలంలో మా పెద్దమ్మకి మెడ పట్టేసింది. ఎడమవైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించాం. ఎక్స్‌రేలో మెడ ఎముకల అరుగుదల ఉందని చెప్పి మాత్రలు, వ్యాయామాలు రాశారు. మాత్రలు మింగితే కడుపులో మంట. దాంతో విశాఖ సీతమ్మధారలో తనకి తెలిసిన ఒక ఆయుర్వేద వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆవిడ ఎక్స్‌రే చూసి, నాలుగు ప్రశ్నలడిగి, "ఏడు రోజులు నస్యం చేద్దామండీ" అన్నారు.

పెద్దమ్మ నా వంక చూసింది. "నశ్యమేటమ్మా? ఈ వయసులో నాకు పొడుం అలవాటు చేస్తారా?"

అలా అడగడంలో తప్పేం లేదు. మన ఇళ్ళల్లో నశ్యం అంటే ముక్కుపొడుమే. తాతగారి పంచె మడతలో చిన్న రేకు డబ్బా, రెండు వేళ్ళ మధ్య చిటికెడు పొడి, ఆ తరవాత వీధి చివరిదాకా వినిపించే తుమ్ము. అయితే మాట మాత్రం పొగాకుది కాదు. పొగాకు మన దేశానికి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందునుంచే నస్యమంటే వైద్యం, ముక్కు ద్వారా మందు ఇవ్వడం. కొత్తగా వచ్చిన పొడికి ఆ పాత మాట అంటుకుంది, చివరికి మాట అసలు అర్థమే మరుగున పడింది. పొగాకు పొడుం కేన్సర్ తెచ్చే పదార్థం. దానికీ ఆయుర్వేద నస్యానికీ ముక్కు అనే దారి తప్ప ఇంకే చుట్టరికమూ లేదు.

ఆ ఏడు రోజులూ పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను, తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్లని విసిగించాను. నాకు తేలిందేంటంటే, నస్యం గురించి మనకున్న గందరగోళంలో సగం ఒకే పేరుతో రెండు వేరువేరు పనులు నడవడం వల్ల. మిగతా సగం, ముక్కులో వేసిన చుక్క ఎక్కడిదాకా పోతుందో ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం వల్ల.

ముందు, చికిత్స ఎలా జరిగిందో చెప్తాను. చిన్న గది, కిటికీ మూసి ఉంది, ఫ్యాను ఆపేశారు. పెద్దమ్మని కూర్చోబెట్టి నుదురు, చెంపలు, మెడ, భుజాలకి గోరువెచ్చని నూనె రాసి పది నిమిషాలు నెమ్మదిగా మర్దనా చేశారు. తరవాత కళ్ళమీద తడి దూది పెట్టి, మొహానికీ మెడకీ ఆవిరి పట్టారు. అప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టారు. తల కాస్త వెనక్కి వాలి, ముక్కు రంధ్రాలు పైకప్పు వైపు తిరిగాయి. వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టిన చిన్న సీసాలోంచి నూనె తీసి, ఒక రంధ్రాన్ని బొటనవేలితో మూసి, రెండోదాంట్లో చుక్కలు లెక్కపెడుతూ వేశారు. సహాయకురాలు అరికాళ్ళు రుద్దుతోంది. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతులో మంటన్నట్టు చెయ్యి పెట్టుకుంది. "మింగకండమ్మా, గొంతులోకి వచ్చింది వచ్చినట్టే ఉమ్మేయండి" అని ఆవిడ కుడికీ ఎడమకీ తిప్పించి గిన్నెలోకి ఉమ్మించారు. నూనెతోపాటు తెల్లగా, జిగురుగా కఫం పడింది. చివర్లో గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలింత. మొత్తం ముప్పావుగంట. అందులో ముక్కులో చుక్కలు పడిన సమయం ఒక్క నిమిషం కూడా ఉండదు. ఈ లెక్కతో ముందు ముందు పని ఉంది.

ఆయుర్వేదంలో పంచకర్మలని చెప్పే అయిదు శోధన (ఒంటిని శుభ్రం చేసే) చికిత్సల్లో నస్యం ఒకటి. జత్రువు, అంటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, దానికి పైన వచ్చే జబ్బులన్నిటినీ ఊర్ధ్వజత్రుగత వ్యాధులంటారు. తల, కళ్ళు, చెవులు, ముక్కు, నోరు, గొంతు, మెడ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వాటికి నస్యమే ముఖ్యమైన మార్గమని పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తన అష్టాంగహృదయం సూత్రస్థానం 20వ అధ్యాయం మొదట్లోనే అంటాడు. "నాసా హి శిరసో ద్వారం" అన్న ప్రసిద్ధ వాక్యం అక్కడిదే. ముక్కు తలకి ద్వారం. నస్యం గురించి మాట్లాడేవాళ్ళందరూ ఈ ముక్క చెప్తారు. అదే అధ్యాయంలో ఆ తరవాత ఉన్న మాటలు మాత్రం చాలామంది చెప్పరు.

నా దృష్టిలో ఆ అధ్యాయం అసలు విలువ అక్కడే ఉంది. నూనె నస్యాన్ని వాగ్భటుడు మోతాదును బట్టి రెండుగా విడదీస్తాడు: మర్శం, ప్రతిమర్శం. మర్శంలో ఒక్కో మోతాదు పది, ఎనిమిది లేదా ఆరు బిందువులు. ప్రతిమర్శంలో రెండే. బిందువు అంటే ఏంటో కూడా చెప్పాడు. చూపుడువేలు రెండు కణుపులదాకా నూనెలో ముంచి పైకి తీస్తే జారిపడే చుక్క. మనం వాడే డ్రాపర్ చుక్క కంటే అది పెద్దది. మర్శం చికిత్స: మర్దనా, ఆవిరి ముందుండాలి, వైద్యుడు పక్కనుండాలి, తరవాత పథ్యం ఉండాలి. ప్రతిమర్శం దినచర్య. పళ్ళు తోముకోవడంలాగా రోజూ చేసుకునేది, పథ్యం లేదు. దాన్ని ఎప్పుడెప్పుడు వేసుకోవచ్చో 15 సందర్భాలు చెప్పాడు. నిద్ర లేచాక, పళ్ళు తోముకున్నాక, ప్రయాణం చేసొచ్చాక, పనిచేసి అలిసిపోయాక, ఆఖరికి గట్టిగా నవ్విన తరవాత కూడా. చదువుతుంటే, రోజంతా మనిషి వెనకే తిరిగి చూసి రాసినట్టుంటుంది.

మరి రోజూ వేసుకునే రెండు చుక్కలే మంచి చేస్తుంటే మర్శమెందుకు? ఈ ప్రశ్న కూడా ఆయనే వేసుకున్నాడు. మర్శం త్వరగా, బలంగా పనిచేస్తుంది, ప్రతిమర్శం నిదానంగా, మెల్లగా పనిచేస్తుంది అన్నాడు. త్వరగా పనిచేసేదానికి ప్రమాదమూ ఎక్కువే గనక అన్ని నియమాలు. నేటి గందరగోళమంతా ఇక్కడే మొదలవుతోంది. చికిత్సకి చెప్పిన ఫలితాలని రోజువారీ రెండు చుక్కలకి అంటగడుతున్నారు. రోజువారీ చుక్కలకున్న సౌలభ్యాన్ని చికిత్సకి అంటగట్టి, ఫోన్‌లో వీడియో చూస్తూ ఇంట్లోనే ఎనిమిదేసి చుక్కలు పోసుకుంటున్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన సాధారణ సూచనల్లో పొద్దున, సాయంత్రం ముక్కు రంధ్రాలకి నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ నెయ్యి గానీ రాసుకోమని ఉంది. అది ప్రతిమర్శమే. ఇవి కరోనాకి చికిత్స కాదని ఆ సూచనల్లోనే చెప్పారు కూడా. వాట్సాప్‌లో మాత్రం "ముక్కులో నెయ్యి వేస్తే వైరస్ చస్తుంది" అని తిరిగింది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు ముగ్గురు నెయ్యి కరిగించి ముక్కులో పోసుకున్నారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రోజూ వేసుకోవడానికి నూనే మంచిదని, మిగతా కొవ్వులు కాదని అష్టాంగహృదయం అంటుంది. తల కఫానికి స్థానం గనక అన్నది అక్కడ చెప్పిన కారణం. ఆ కారణాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, శాస్త్రం పేరు చెప్పి నెయ్యి పోసుకునేవాళ్ళు శాస్త్రం మాట కూడా వినట్లేదన్నది నిజం.

ఇక చుక్క ప్రయాణం సంగతి. ముక్కు లోపల పలచని తడి పొర, దాని కింద కంటికి కనిపించని వెంట్రుకల్లాంటి సిలియా ఉంటాయి. అవి ఎప్పుడూ వెనక్కి, గొంతు వైపుకి ఊగుతూ చీమిడి పొరని నడిపిస్తుంటాయి. వేగం నిమిషానికి దాదాపు 6 మిల్లీమీటర్లు. మనం పీల్చిన దుమ్ము, క్రిములు ఆ పొరకి అంటుకుని గొంతులోకి జారి, కడుపులోకి పోతాయి. ఇది సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి ఈఎన్‌టీ డాక్టర్ల దగ్గర ఒక తేలికైన పరీక్ష ఉంది. ముక్కు లోపల ముందు భాగంలో శాకరిన్ రవ్వ ఒకటి పెడతారు. మామూలుగా 20 నిమిషాల లోపే నాలుకకి తీపి తగులుతుంది. నూనె చుక్క కూడా చాలామటుకు ఆ దారిలోనే పోతుంది. పడుకుని వేశారు కాబట్టి కాస్త లోపలికి, పైకి పారుతుంది, పొరకి పూతలా అంటుకుంటుంది, మిగిలింది గొంతులోకి దిగుతుంది. పెద్దమ్మకి గొంతులో మంట పుట్టింది, ఉమ్మాల్సి వచ్చింది అందుకే.

"నూనె మెదడుకి ఎక్కుతుంది" అన్న మాట సీతమ్మధారలో ఆవిడ చెప్పలేదుగానీ, నేను చాలాచోట్ల విన్నాను. ముక్కు పైకప్పులో జల్లెడలాంటి పలచని ఎముక ఉంది, దాని సన్నటి రంధ్రాల్లోంచి వాసన నరాలు మెదడులోకి పోతాయి. ఇది నిజమే. నరాల పోగులతో నిండిన ఆ రంధ్రాల్లోంచి నూనె చుక్క పైకి పారదు. సైనస్‌లలోకి కూడా పోదు, వాటి ద్వారాలు కొద్ది మిల్లీమీటర్లే, అదీ పక్కకి మడతల్లో ఉంటాయి. మన హార్బర్ దారి డాల్ఫిన్ నోస్ కొండని ఆనుకునే ఉంటుంది. ఓడలు ఆ ముక్కు పక్కనుంచే ఊళ్ళోకి వస్తాయి. వచ్చిన ఓడ రేవులో ఆగుతుంది గానీ సింహాచలం కొండెక్కదు. ద్వారం అంటే అంతే, లోపలికి రానిస్తుంది, అన్ని గదులకీ తీసుకెళ్ళదు.

అలాగని ముక్కు దారి ఉత్తదే అనడానికీ లేదు. ముక్కు లోపలి పొర నిండా సన్నటి రక్తనాళాలే. ఆ దారిన ఇచ్చే మందులు ఆధునిక వైద్యంలోనూ ఉన్నాయి. మైగ్రేన్‌కి సుమాట్రిప్టాన్ స్ప్రే, నల్లమందు జాతి మత్తుమందుల మోతాదు ఎక్కువై ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి నాలొక్సోన్ స్ప్రే అలాంటివే. ముక్కులోంచి నేరుగా మెదడుకి మందు చేర్చే పద్ధతుల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అయితే అవి కొలిచి, పొర దాటేలా తయారుచేసిన మందులు. నువ్వుల నూనె ఆ పొర మీద ఉండిపోయే స్వభావం ఉన్నది. ఒకదాన్ని చూపించి రెండోదానికి సాక్ష్యంగా నిలబెట్టడం సరికాదు.

ఉండిపోయే ఆ స్వభావంలోనే నూనె మేలు ఉంది. 2001లో స్వీడన్ ఈఎన్‌టీ వైద్యులు ముక్కు ఎండిపోయి బాధపడే 79 మందికి కొన్నాళ్ళు శుద్ధమైన నువ్వుల నూనె, కొన్నాళ్ళు ఉప్పునీటి ద్రావణం వాడి చూశారు. ఎండిపోయిన ముక్కుకి ఉప్పునీటి కంటే నువ్వుల నూనె బాగా పనిచేసింది. వాళ్ళు చరకుణ్ణి చదివి చేసిన పని కాదది. ఎండిన పొరకి ఏది నయమో చూసుకున్నారు, అంతే. నాకు మాత్రం ఈ అధ్యయనం చాలా విలువైనదిగా కనిపించింది. శాస్త్రం ఎప్పుడో చెప్పిన సంగతిలో కొలవగలిగిన ముక్కని, సంబంధం లేనివాళ్ళు కొలిచి చూపించారు.

మన ఊళ్ళో దీని అవసరం ఎవరికో చూడండి. విశాఖ గాలిలో తేమకి కొదవ లేదు. బట్టలు ఆరవు, ఒళ్ళంతా జిడ్డు. కానీ రుషికొండ ఐటీ కొండమీద పొద్దున్నుంచి రాత్రిదాకా ఏసీలో కూర్చునే పిల్లలకి ముక్కులు ఎండిపోయి పొక్కులు కడుతున్నాయి. ముక్కు ముందు భాగంలో రక్తనాళాలు పైపైనే ఉంటాయి. అది ఎండి, పొక్కు గిల్లితే రక్తం. వన్ టౌన్ వైపు ఉండేవాళ్ళకి ఇంకో బాధ, కిటికీ గట్టు మీద వేలు పెడితే నల్లగా అంటుకునే దుమ్ము. ఇలాంటివాళ్ళు పొద్దున్నే ఒక్కో రంధ్రంలో చుక్కో రెండు చుక్కలో నువ్వుల నూనె వేసుకుంటే, లేదా చిటికెనవేలితో లోపల అంచుకి రాసుకుంటే పొర మెత్తగా ఉంటుంది. నివారణ అన్న మాటని నేను మనస్ఫూర్తిగా వాడగలిగేది ఇక్కడిదాకే.

చరకసంహితలో అణుతైలం గురించి చెప్పిన మాటలు ఇంతకంటే చాలా దూరం పోతాయి. అణుతైలం తయారీ చూస్తే దాని మీద వాళ్ళకెంత శ్రద్ధో తెలుస్తుంది. చందనం, అగరు, ఏలకులు, యష్టిమధుకం, మారేడు, వాయువిడంగాలు, ఇంకా చాలా మూలికలు కలిపి కాచిన కషాయంతో నువ్వుల నూనెని మళ్ళీ మళ్ళీ, పదిసార్లు వండుతారు. పదోసారి మేకపాలు కూడా కలుపుతారు. ఏడాదిలో మూడు కాలాల్లో, మబ్బులు లేనప్పుడు దీన్ని వాడితే కన్ను, ముక్కు, చెవి దెబ్బతినవని, జుట్టు నెరవదని, తలనొప్పి, అరతలనొప్పి, పాత జలుబు, మూతి వంకర, దవడ పట్టడం, మెడ పట్టడం శాంతిస్తాయని చరకసంహిత చెప్పింది. ఇప్పుడు గోడల మీద, ఆటోల వెనక కనిపించే ప్రకటనలకి మూలం ఈ జాబితానే.

ఈ జాబితాని ఎలా చదవాలి? ఆ రోజుల్లో స్కానింగ్ లేదు, జబ్బుల్ని లక్షణంతోనే పిలిచేవారు. మూతి వంకర పోతే అర్దితం. ఇవాళ మనకి తెలుసు, మూతి వంకర వెనక రెండు వేరు జబ్బులుండొచ్చు. ఒకటి ముఖనరం వాపు వల్ల వచ్చే బెల్స్ పాల్సీ. దానికి 72 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెడితే పూర్తిగా కోలుకునే అవకాశం పెరుగుతుంది. రెండోది పక్షవాతం. మెదడులో రక్తం గడ్డ కట్టిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. మా వీధిలో ఒకాయనకి పొద్దున మొహం కడుక్కుంటుంటే నీళ్ళు ఒక మూలనుంచి కారిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు "వాతం కమ్మింది" అని తెలిసినాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన రెండు రోజులు ముక్కులో నూనె వేశాడు. మూడోరోజు చెయ్యి లేవకపోతే ఆసుపత్రికి పరిగెత్తారు. అప్పటికి ఇంజెక్షన్ సమయం ఎప్పుడో దాటిపోయింది. ఆయన ఇప్పటికీ కుడిచేత్తో ముద్ద కలుపుకోలేరు. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి కాలు బలహీనత, వీటిలో ఏది కనిపించినా ముందు 108కి ఫోన్ చేయాలి. నస్యం, మర్దనా ఆ తరవాతి సంగతి.

తలనొప్పి, మెడనొప్పి విషయంలో ఇంత భయం అక్కర్లేదు. మైగ్రేన్‌కి, మెడ అరుగుదలకి నస్యం చేసి ఫలితాలు బాగున్నాయని రాసిన పరిశోధనలు ఆయుర్వేద కళాశాలల నుంచి చాలా వచ్చాయి. ఎక్కువ భాగం చిన్నవి, పోలిక కోసం వేరే గుంపు లేనివి, లేదా నస్యంతోపాటు లోపలికి మందులూ ఇచ్చినవి. ఇప్పుడు ముప్పావుగంట లెక్క గుర్తుచేసుకోండి. మా పెద్దమ్మకి ఏడోరోజుకి మెడ తిరిగింది, అది నేను కళ్ళారా చూశాను. అయితే ఆ ఏడు రోజులూ ఆవిడకి మెడకీ భుజాలకీ మర్దనా అయింది, ఆవిరి పట్టారు, బిందె ఎత్తలేదు, రాత్రి పదింటికే నిద్రపోయింది, ఎముకల డాక్టర్ చెప్పిన వ్యాయామాలు వైద్యురాలు దగ్గరుండి చేయించారు. ఇందులో చుక్కల వాటా ఎంత? ఆ ప్రశ్నకి జవాబు రావాలంటే ఒక గుంపుకి మర్దనా, ఆవిరి మాత్రమే, ఇంకో గుంపుకి వాటితోపాటు చుక్కలు ఇచ్చి పోల్చాలి. అలాంటి పెద్ద అధ్యయనాలు రావాలని ఆయుర్వేదాన్ని ప్రేమించేవాళ్ళే ముందుగా అడగాలి. పెద్దమ్మ బాగుపడటం నాకు ఆనందమే, కానీ దాన్ని సాక్ష్యమని చెప్పి పక్కింటివాళ్ళని పంపలేను.

చెవుడు, కంటిశుక్లాలు, గ్లకోమా, మూర్ఛ, పక్షవాతం లాంటివి నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. కాబట్టి "ఏడు రోజుల నస్యంతో చెవుడు మాయం" అన్న పోస్టర్ కనిపిస్తే ఆ చికిత్స మీద అనుమానం సంగతి అటుంచి, ఆ పోస్టరే నేరం.

తల, మెడ జబ్బుల నివారణ అని పెద్ద మాట వాడినప్పుడు ఈ ప్రాంతంలో ఒక జబ్బుని దాటేసి మాట్లాడటం అన్యాయం. ఉత్తరాంధ్ర తీరంలో, జాలరిపేటల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో. నోటి పైకప్పు ఆ వేడికి కాలి, తెల్లబడి, కొందరిలో అంగిలి కేన్సర్‌గా మారుతుంది. ఈ సంగతి 1950ల్లోనే వైద్య పత్రికలకెక్కింది. మన దగ్గర తల, మెడ జబ్బుల్ని నిజంగా ఆపగలిగే పని చుట్ట, గుట్కా, ఖైనీ మానిపించడం. దాని ముందు ఏ తైలమూ నిలబడదు. మూడు వారాలైనా మానని నోటిపుండు, మెడలో గడ్డ, తగ్గని గొంతు బొంగురు, ఒకే రంధ్రం మూసుకుపోయి రక్తం రావడం, వీటికి నస్యం చేయించుకుంటూ రోజులు గడపకూడదు. విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకోవచ్చు, అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇక ఎవరికి కూడదన్నది. పాత పుస్తకం, అంటే అష్టాంగహృదయం, ఈ విషయంలో మనం అనుకునేదానికంటే చాలా జాగ్రత్తగా ఉంటుంది. అప్పుడే తిన్నవాళ్ళకి, నీళ్ళో మద్యమో తాగినవాళ్ళకి, తలస్నానం చేసినవాళ్ళకి, చేయబోతున్నవాళ్ళకి, బాలింతలకి, ఆయాసం, దగ్గు ఉన్నవాళ్ళకి నస్యం వద్దంది. కాలం కాని కాలంలో మబ్బు పట్టిన రోజున వద్దంది, వానాకాలంలో ఎండ కాసినప్పుడే చేయమంది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనపడని మన అక్టోబరు రోజులు ఆ మాటకి సరిగ్గా సరిపోతాయి. ఇంకో మాట చూడండి, కొత్తగా పట్టిన జలుబుకి వద్దంది. మనవాళ్ళు సరిగ్గా అప్పుడే వేసుకుంటారు, ముక్కు కారడం మొదలవ్వగానే. ఏడేళ్ళ లోపు పిల్లలకి, 80 దాటిన పెద్దలకి కూడా వద్దంది.

ఇక్కడ ఒక చిక్కు ముడి ఉంది, దాన్ని దాచిపెట్టడం నాకిష్టం లేదు. అదే పుస్తకం ప్రతిమర్శం మాత్రం పుట్టింది మొదలు చచ్చేదాకా మంచిదేనంటుంది. మన ఇళ్ళల్లో పసిపిల్లలకి ముక్కులో నూనె వేసే ఆచారానికి ఆ మాట అండ. నీళ్ళు పోసే ఆవిడ కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళమీద బోర్లించి, తిరగేసి, ఒళ్ళంతా నూనె రుద్ది, చివర్లో ముక్కులో రెండు చుక్కలు వేసి నోటితో ఉఫ్ మని ఊదుతుంది. బిడ్డ గుక్క పట్టి ఏడుస్తుంది. "కఫం పోతాది" అంటుంది ఆవిడ. ప్రేమతో చేసే పనే, నా పిల్లలకీ జరిగింది.

ఈ విషయంలో నేను పాత పుస్తకం పక్కన నిలబడను. నీళ్ళు పొరపాటున ఊపిరితిత్తుల దారిలోకి పోతే వెంటనే దగ్గు వస్తుంది. నూనె మెత్తగా, చప్పుడు చేయకుండా జారిపోతుంది, ఒక్కోసారి దగ్గు కూడా రాదు. ఊపిరితిత్తుల్లో చేరిన నూనెని శరీరం బయటికి పంపలేదు. అక్కడ వాపు వస్తుంది, అదే లిపాయిడ్ న్యుమోనియా. ముక్కులో నూనె చుక్కల వల్ల ఇది వస్తుందని లాఫ్లెన్ అనే వైద్యుడు 1925లోనే రాశాడు. అప్పట్నుంచి ఎన్నో దేశాల్లో కనిపించింది. మింగడం, ఊపిరి సరిగ్గా కుదరని పసివాళ్ళకి ప్రమాదం ఎక్కువ. పక్షవాతం వచ్చి మింగలేని పెద్దవాళ్ళకీ అంతే. ఏళ్ళ తరబడి రాత్రిపూట పడుకుని ముక్కులో నూనె పోసుకుని అలాగే నిద్రపోయేవాళ్ళకి కూడా. పసిపిల్లలకి ముక్కులో నూనె వద్దు. పెద్దవాళ్ళు వేసుకున్నా పొద్దున్నే, కొద్దిగా, గట్టిగా పీల్చకుండా వేసుకుని, గొంతులోకి వచ్చింది ఉమ్మేసి, కాసేపు తిరుగుతూ ఉండాలి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, ముక్కుకి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. మర్శమైతే చదువుకున్న వైద్యుల దగ్గరే.

జలనేతి దీనికి తోడు వచ్చి ఇంకో గందరగోళం చేస్తోంది గనక ఒక్క మాట. అది యోగంలోది, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. నస్యం కాదు, పనీ వేరు. దానికి కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు తిన్నగా వాడకండి, మరిగించి చల్లార్చినవే వాడండి. ముక్కులోంచి వెళ్ళి మెదడుని తినేసే నేగ్లేరియా అనే అమీబాతో 2024లో కేరళలో పిల్లలు చనిపోయారు. వాళ్ళు స్నానం చేసింది చెరువుల్లాంటి ఆరుబయటి నీళ్ళల్లో గానీ, శుద్ధి చేయని నీళ్ళతో ముక్కు కడుక్కున్నవాళ్ళకీ అది సోకిన సందర్భాలు ఇతర దేశాల్లో ఉన్నాయి.

మొన్న సంక్రాంతికి పెద్దమ్మ మనవరాలు మూడు నెలల పాపతో ఎండాడ నుంచి వచ్చింది. పెరట్లో కాగు పెట్టారు, నీళ్ళు పోసే ఆవిడ వచ్చింది. నువ్వుల నూనె గిన్నె గోరువెచ్చగా పక్కన ఉంది. పాప ఒంటికి రాయడం అయిపోయాక ఆవిడ వేలు నూనెలో ముంచి ముక్కు దగ్గరికి తెస్తుంటే, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ మెడ సాంతం తిప్పి చూసి, "ముక్కులో వద్దమ్మా" అంది. "అదేటమ్మా, మీరే గదా నస్యం చేయించుకొచ్చారు?" అందావిడ. "అది నాకు. అక్కడ డాక్టరమ్మ ఉంది, నాకు ఉమ్మడం వచ్చు. దీనికి ఉమ్మడం వచ్చేటి?" అంది పెద్దమ్మ. ఆవిడ ఒక్క క్షణం ఆగి, వేలికున్న నూనెని పాప అరికాళ్ళకి రాసేసింది.